నేపుల్స్ ప్రెసేపె: క్రీస్తు జనన దృశ్యాన్ని ఇంట్లో కట్టుకునే సమగ్ర విధానం

ప్రెసేపె అనే ఇటాలియన్ మాటకు పశువుల తొట్టి అని అర్థం. దక్షిణ ఇటలీలోని నేపుల్స్ నగరంలో మాత్రం ఆ మాట వినగానే తొట్టి ఒక్కటే కళ్ల ముందుకు రాదు. ఒక కొండ, కొండ వాలులో సత్రం, సత్రం గుమ్మానికి వేలాడే మాంసం, చేపల బుట్టలు, రొట్టెలు కాల్చే పొయ్యి, ఏటి ఒడ్డున బట్టలుతికే స్త్రీ, బండి మీద ద్రాక్షసారా పీపాలు, ఆ సందడి నడుమ కొద్దిమంది మాత్రమే గమనించిన ఒక పసిబిడ్డ, ఇవన్నీ కలిస్తేనే అక్కడివారికి ప్రెసేపె. నేపుల్స్ పనివారు బేత్లెహేమును ఊహించుకుని కట్టలేదు. తమ వీధిని, తమ అంగడిని, తమ పొరుగువారిని కట్టి, వారి మధ్య బాలయేసును పడుకోబెట్టారు. ఈ ఒక్క సంగతి మనసులో నిలుపుకుంటే కింద చెప్పబోయే పనులన్నింటికీ కారణం దానంతట అదే తెలుస్తుంది.

మన తెలుగు ఇళ్లలోనూ గుళ్లలోనూ క్రిస్మస్‌కు కట్టే పశువుల పాక దీనికి దగ్గరి చుట్టమే. వరిగడ్డి కప్పు, పైన నక్షత్రం, లోపల మరియమ్మ, జోజప్ప, గొల్లలు, ముగ్గురు రాజులు, రెండు మూడు పశువులతో అది నిండుతుంది. ప్రెసేపెలో పాక స్థానాన్ని శిథిలమైన ఆలయం తీసుకుంటుంది, చుట్టూ ఊరు మొత్తం చేరుతుంది. సంక్రాంతికి బొమ్మల కొలువులో పచారీ కొట్టు బొమ్మను, పెళ్లి బొమ్మలను, పాములవాడిని దేవుళ్ల పక్కనే పేర్చే అలవాటున్న వారికి ఈ ఊరి వరుస కొత్తగా తోచదు.

సంప్రదాయం నడిచి వచ్చిన దారి

పునీత ఫ్రాన్సిస్ అస్సీసి 1223లో క్రిస్మస్ రాత్రి గ్రెచ్చో అనే కొండ ఊరిలో నిజమైన ఎద్దును, గాడిదను నిలబెట్టి, తొట్టిలో గడ్డి పరిచి పూజ జరిపించాడు. బొమ్మలతో జనన దృశ్యాన్ని కూర్చడం ఇటలీలో ఆ తరువాతి తరాలలో వేళ్లూనుకుంది. రోములోని సాంతా మరియా మజ్జోరే మహాదేవాలయానికి ఆర్నోల్ఫో ది కాంబియో 13వ శతాబ్దం చివరలో రాతి బొమ్మలు చెక్కాడు. నేపుల్స్‌లో సాన్ జోవాన్ని ఎ కార్బోనారా గుడి కోసం పియెత్రో, జోవాన్ని అలెమాన్నో అనే శిల్పులకు 1478లో చెక్క బొమ్మల పని అప్పగించారు.

నేపుల్స్ ప్రెసేపెకు స్వర్ణయుగం 18వ శతాబ్దం. 1734 నుంచి 1759 వరకు నేపుల్స్‌ను ఏలిన బూర్బోన్ వంశపు రాజు చార్లెస్‌కు ఇది ఎంతో ఇష్టమైన వ్యాపకం. ఆయన స్వయంగా మట్టి పిసికేవాడని, రాణి మరియా అమాలియా బొమ్మలకు బట్టలు కుట్టేదని నేపుల్స్ వారు చెబుతారు. ప్రతి ఇంటా ప్రెసేపె ఉండాలని దోమినికన్ గురువు గ్రెగోరియో మరియా రొక్కో ఊరంతా తిరిగి ప్రబోధించాడు. ముసుగు కప్పిన క్రీస్తు పాలరాతి శిల్పాన్ని 1753లో చెక్కిన జుసెప్పె సన్మార్తీనో వంటి గొప్ప శిల్పి కూడా ఈ చిన్న మట్టి తలలను మలచడం తనకు తక్కువ పని అనుకోలేదు. ఇదే కాలంలో హెర్కులేనియం తవ్వకాలు 1738లో, పాంపేయి తవ్వకాలు 1748లో ఆరంభమై నేల కింది రోమన్ స్తంభాలు బయటపడుతున్నాయి. ప్రెసేపెలో బాలయేసు విరిగిన ఆలయ స్తంభాల మధ్య పుట్టడానికి పాత ప్రపంచం కూలి కొత్త యుగం మొదలైందనే భావం ఒక కారణమైతే, నగరం పక్కనే కనబడుతున్న ఆ శిథిలాలు మరొక కారణం.

ఇలాంటి పనిని చూసి నేర్చుకోదలచినవారికి నేపుల్స్‌లోని సాన్ మర్తీనో మఠ మ్యూజియంలో ఉన్న కుచినియెల్లో ప్రెసేపెను మించిన పాఠం లేదు. మికేలె కుచినియెల్లో అనే సేకర్త తన బొమ్మలన్నింటినీ అప్పగించి, తానే దగ్గరుండి అమర్పించగా అది 1879లో ప్రజల ముందుకు వచ్చింది. దాని ఛాయాచిత్రాలను పెద్దవిగా చేసుకుని, పని మొదలుపెట్టే ముందు కొన్ని రోజులు కేవలం చూస్తూ గడపమని నా సలహా. ఎవరు ఎవరి వైపు తిరిగి ఉన్నారో, ఎవరి చేతిలో ఏముందో, బరువు ఎత్తినవారి నడుము ఎటు వంగిందో పరిశీలించండి.

మొదటి అడుగు: కొలత నిర్ణయించుకోవడం

సంప్రదాయ నేపుల్స్ బొమ్మను తెర్ట్సీనా అంటారు. దాని ఎత్తు సుమారు 35 నుంచి 40 సెం.మీ. ఉంటుంది. అంత పెద్ద బొమ్మలతో కడితే ఒక గది కావాలి. ఇంటికి 20 సెం.మీ. బొమ్మలు సరిపోతాయి. ముఖంలో భావం పలికించడానికి ఇంతకంటే చిన్నవైతే చేయి తిరగనివారికి కష్టం. పీట 120 సెం.మీ. పొడవు, 75 సెం.మీ. లోతు, కొండ శిఖరం 90 సెం.మీ. ఎత్తు ఉండేలా వేసుకోండి.

165 సెం.మీ. మనిషిని 20 సెం.మీ. బొమ్మగా చేస్తున్నామంటే ప్రతి వస్తువునూ ఇంచుమించు 8వ వంతుకు తగ్గిస్తున్నామన్నమాట. కాబట్టి గుమ్మం ఎత్తు 24 లేదా 25 సెం.మీ., మెట్టు ఎత్తు 2 సెం.మీ., బల్ల ఎత్తు 9 సెం.మీ., కూర్చునే పీట 5.5 సెం.మీ., పుచ్చకాయ 3 సెం.మీ., కోడిగుడ్డు 7 మి.మీ. అవుతాయి. ఈ పట్టికను ఒక అట్టముక్క మీద రాసి పనిచేసే చోట గోడకు అంటించండి. ఎంత అందంగా చేసిన రొట్టె అయినా బొమ్మ తలకాయ కంటే పెద్దదైతే చూసేవారి నమ్మకం ఆ క్షణమే పోతుంది. లోతు కనిపించడానికి ముందు వరుసలో 20 సెం.మీ. బొమ్మలను, నడిమి వాలులో 14 సెం.మీ. బొమ్మలను, శిఖరం దగ్గర 8 సెం.మీ. బొమ్మలను నిలపాలి. వెనకనున్న ఇళ్ల కిటికీలు, మెట్లు కూడా అదే లెక్కన చిన్నవి కావాలి.

ప్రెసేపెను చూసే కన్ను ఎక్కడ ఉంటుందో ముందే తేల్చుకోవాలి. నిలబడి చూస్తారా, పిల్లలు నేల మీద కూర్చుని చూస్తారా అన్నదాన్ని బట్టి పీటను ఎంత ఎత్తున పెట్టాలో తెలుస్తుంది. ముందు వరుస బొమ్మల ముఖాలు చూసేవారి ఛాతీ ఎత్తుకు వస్తే బాగుంటుంది.

రెండవ అడుగు: కొండ

నేపుల్స్ వారు ఈ కొండను స్కోల్యో అంటారు. రాతిబండ అని దాని అర్థం. అక్కడ దానిని బెండు చెట్టు బెరడుతో కడతారు. తేలికగా ఉంటుంది, కత్తికి తెగుతుంది, సహజంగానే రాయిలా బీటలు వారి ఉంటుంది. మన దగ్గర ఆ బెరడు దొరకడం కష్టం కనుక అస్థిపంజరాన్ని థర్మకోల్‌తో కట్టి, పైన ఎండిన తుమ్మ బెరడు ముక్కలు అతికిస్తే రాతి పగుళ్లు చక్కగా కుదురుతాయి. బెరడులో పురుగులు ఉంటాయి కాబట్టి రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టి, బ్రష్‌తో దులిపిన తరువాతే ఇంట్లోకి తేవాలి.

పీటకు 12 మి.మీ. ప్లైవుడ్ వాడి, వంగకుండా అడుగున రెండు అడ్డపట్టీలు బిగించండి. దాని మీద కొండను మూడు అంతస్తులుగా పెన్సిలుతో గీయండి. ముందు భాగంలో నేల, మధ్యలో వాలు, వెనక శిఖరం వస్తాయి. అంతస్తుల మధ్య దారి వంకరగా సాగాలి. దారి నిటారుగా పోతే కొండ మెట్లబల్లలా కనిపిస్తుంది. చెక్క దిమ్మెలు నిలబెట్టి వాటిపై థర్మకోల్ పలకలు పేర్చి, ఫెవికాల్‌తో అతికించి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఆ తరువాత కత్తితో అంచులు చెక్కి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచిన పాత వార్తాపత్రిక ముక్కలను రెండు పొరలు పరిచి, అవి ఆరాక సుద్దపొడి, ఫెవికాల్, కొంచెం రంపపు పొట్టు కలిపిన ముద్దను మెత్తాలి. ఈ పొర సగం ఆరినప్పుడే బెరడు ముక్కలను దానిలోకి నొక్కితే అతుకు కనిపించదు.

రంగు విషయంలో తొందర వద్దు. నేపుల్స్ నగరం పసుపు పచ్చని అగ్నిపర్వత రాయితో కట్టినది. అక్కడి గుమ్మాలకు, మెట్లకు ముదురు బూడిదరంగు రాయి వాడతారు. అందుకే స్కోల్యోకు మొదట ముదురు గోధుమరంగు పూర్తిగా పట్టించి, ఆరాక పొడి బ్రష్‌తో పసుపు మట్టి రంగును ఎత్తు భాగాల మీద మాత్రమే తేలిగ్గా రాయాలి. పగుళ్లలో ముదురు రంగు అలాగే నిలిచిపోవడం వల్ల రాయికి లోతు వస్తుంది. చివరగా దాదాపు తెల్లని రంగును అంచుల అంచున తాకించి వదిలేయండి.

మూడవ అడుగు: మూడు చోట్లు

నేపుల్స్ ప్రెసేపెలో మూడు దృశ్యాలు తప్పనిసరి. నడుమ ఆలయ శిథిలంలో జననం, ఒక పక్క సత్రం, మరొక పక్క గొల్లలకు దేవదూత శుభవార్త చెప్పే పచ్చిక.

ఆలయానికి రెండు పూర్తి స్తంభాలు, ఒక విరిగిన స్తంభం, సగం కూలిన ఒక కమాను చాలు. స్తంభం బొమ్మకు రెండింతలకు పైగా, అంటే 45 నుంచి 50 సెం.మీ. ఎత్తు ఉండాలి. ఒకప్పటి ఘనత కనిపించకపోతే అది కూలిందన్న భావం కలగదు. చీర చుట్టివచ్చే గట్టి అట్టగొట్టం తీసుకుని, దాని చుట్టూ సన్నని పుల్లలను నిలువుగా అతికించి, సుద్ద ముద్ద పూస్తే గాడులున్న రోమన్ స్తంభం తయారవుతుంది. విరిగిన చోట కత్తితో కోయకండి. చేత్తో చింపి ముద్ద పూయండి. పునాది దగ్గర ఇటుకలు బయటపడినట్టు, కమాను మీద గడ్డి మొలిచినట్టు చూపితే కాలం గడిచిన సంగతి తెలుస్తుంది.

సత్రం కట్టేటప్పుడు లూకా సువార్తలోని మాట గుర్తు పెట్టుకోవాలి. సత్రంలో చోటు లేకనే ఆ తల్లి బిడ్డను తొట్టిలో పడుకోబెట్టింది. కనుక సత్రం కిక్కిరిసి ఉండాలి. బల్ల నిండా తిండి, తాగేవారు, పాడేవారు, మెట్ల మీద పిల్లి, బాల్కనీలో ఆరేసిన బట్టలు, తలుపుకు అడ్డంగా నిలబడిన యజమాని కనిపించాలి. ఇక్కడ ఎంత సమృద్ధిని చూపిస్తే అటు ఆలయం పక్కనున్న లేమి అంతగా తెలుస్తుంది. గొల్లల పచ్చికకు పెద్ద పని లేదు. కొంచెం నాచు, నాలుగు గొర్రెలు, ఒక నెగడు, నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తున్న ఇద్దరు మనుషులు ఉంటే చాలు.

నాలుగవ అడుగు: బొమ్మ

నేపుల్స్‌లో రాజు బొమ్మనైనా చేపలమ్మేవాడి బొమ్మనైనా పస్తోరె అనే పిలుస్తారు. గొర్రెల కాపరి అని ఆ మాటకు అర్థం. దీని నిర్మాణం చాలా తెలివైనది. తల, మెడ, ఛాతీ పైభాగం కలిపి కాల్చిన మట్టితో చేస్తారు. చేతులు, కాళ్లు చెక్కతో చెక్కుతారు. వీటి మధ్యనున్న శరీరమంతా ఇనుప తీగకు నార చుట్టి కడతారు. తీగ ఉన్నందువల్ల బొమ్మను వంచవచ్చు, కూర్చోబెట్టవచ్చు, ఏటేటా భంగిమ మార్చవచ్చు. విడివిడి అవయవాలను చెక్కి కలిపే పద్ధతి మన కొండపల్లిలోనూ ఉంది. అక్కడ తెల్లపొణికి చెక్కతో భాగాలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తెల్లపొణికి దొరికే ప్రాంతంలో ఉన్నవారు ప్రెసేపె బొమ్మల చేతులు, కాళ్లకు దానినే వాడుకోవచ్చు. తేలికైన, మెత్తని ఆ చెక్క చిన్న చాకుకు చక్కగా లొంగుతుంది.

తల కోసం చెరువు మట్టిని ఎండబెట్టి, దంచి, సన్నని జల్లెడ పట్టి, నీళ్లలో నానబెట్టి, పైన తేరిన మెత్తని మట్టిని గుడ్డలో వడకట్టి పిసకాలి. 20 సెం.మీ. బొమ్మకు తల 2.5 నుంచి 2.7 సెం.మీ. మాత్రమే. ఒక పుల్ల చివర మట్టి ఉండను గుచ్చి, ముందు పుర్రె ఆకారం, తరువాత కంటిగుంటలు, ముక్కు, దవడ అనే వరుసలో పని చేయండి. పెదవులు, కనురెప్పలు చివరికి ఉంచండి. ఇరువైపులా ఒకేలా ఉన్న ముఖం ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. ఒక కనుబొమను కొంచెం పైకి లేపండి, నోటిని ఒక పక్కకు కాస్త లాగండి. నేపుల్స్ పనివారి బొమ్మల్లో పన్ను ఊడిన ముసలివారు, గొంతు వాచిన ఆడవారు, మెల్లకన్నువారు కనిపిస్తారు. వారిని హేళన చేయడానికి కాక, ఆ వీధిలో అటువంటివారు నిజంగా ఉన్నారు కనుక చేశారు. బిడ్డను చూడటానికి వచ్చేవారిలో వారూ ఉండాలన్నది ఈ కళలో నాకు అన్నింటికంటే ప్రియమైన సంగతి.

మట్టి తోలు మాదిరిగా గట్టిపడినప్పుడు దారంతో నడినెత్తిని కోసి, లోపలి మట్టిని తోడి, గోడ మందం 3 లేదా 4 మి.మీ. మాత్రమే మిగిల్చి, కోసిన ముక్కను పలుచని మట్టి నీళ్లతో మళ్లీ అతికించాలి. లోపలి గాలి బయటికి పోవడానికి మెడ కింద రంధ్రం వదలాలి. నేను మొదటిసారి ఈ పని అనవసరమనుకుని మూడు తలలను ముద్దగానే కాల్పించాను. మూడూ ఆవంలో పగిలి పెంకులయ్యాయి. వాటిలో ఒకటి వారం రోజులు కూర్చుని చేసిన ముసలమ్మ ముఖం. ఆ దవడ ముడతలు నాకు మళ్లీ అలా కుదరలేదు. కనుక ఈ మెట్టును దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఛాతీ అంచు చుట్టూ నాలుగైదు చిన్న రంధ్రాలు పొడవడం కూడా ఇప్పుడే చేయాలి. శరీరాన్ని కట్టే తీగ వాటిలోంచి పోతుంది. వారం పాటు నీడలో ఆరనిచ్చి, ఊరి కుమ్మరి ఆవంలో మూత ఉన్న కుండలో పెట్టి కాల్పించండి. ఆవం అందుబాటులో లేనివారు గాలికి ఆరి గట్టిపడే మట్టిని వాడవచ్చు. అయితే దాని మీద ముడతలు అంత పదునుగా రావు.

కాలిన తలకు సన్నని ఉప్పుకాగితం రుద్ది, సుద్ద పొడి, జిగురు కలిపిన పలుచని పూత వేసి, ఆరాక చర్మపు రంగు వేయాలి. అందరికీ ఒకే రంగు వేయకండి. ఎండలో తిరిగే జాలరికి ఇటుకరంగు, సత్రం యజమానికి బుగ్గల మీద ఎరుపు, ముసలివారికి పసుపు ఛాయ, మరియమ్మకు లేత రంగు నప్పుతాయి. ఆనాటి పనివారు లోపలి వైపు రంగు వేసిన గాజు కళ్లు పొదిగేవారు. మన కొలతకు ఆ అవసరం లేదు. నల్లని కంటిపాప వేసి, పైన తెల్లని చుక్క పెట్టి, ఆరాక ఒక చిన్న బొట్టు వార్నిష్ వేస్తే దీపం వెలుగులో కన్ను తడిగా మెరుస్తుంది.

శరీరానికి ఇళ్లు కట్టేచోట ఇనుప చువ్వలను కట్టే బైండింగ్ వైరును రెండు పేటలుగా మెలిపెట్టి వాడండి. ఛాతీ రంధ్రాల నుంచి వెన్ను, అక్కడి నుంచి రెండు కాళ్లు, భుజాల మీదుగా రెండు చేతులు సాగాలి. గోగునారను విడదీసి, ఈ తీగ చుట్టూ బిగువుగా చుట్టి, పైన దారంతో కట్టాలి. తొడలకు, పిరుదులకు ఎక్కువ నార, మోకాలు, మోచేతి దగ్గర తక్కువ నార చుడితే వంచిన చోట సహజంగా వంగుతుంది. బట్టలు తొడిగే ముందే భంగిమ నిర్ణయించాలి. బరువు ఏ కాలి మీద ఉందో ఆ వైపు తుంటి పైకి లేవాలి, ఆ వైపు భుజం కిందికి దిగాలి.

బట్టల కోసం ఆనాడు కాసెర్తా దగ్గర సాన్ లేఉచ్చోలో రాజుగారి మగ్గాలపై నేసిన పట్టు వాడేవారు. మనకు పాత ధర్మవరం, వెంకటగిరి చీరల చిరిగిపోని భాగాలు ఉన్నాయి. పూలు, బుటాలు పెద్దవైతే బొమ్మ కొలత చెడిపోతుంది. సాదా భాగాన్ని, అతి సన్నని జరీ అంచును ఏరుకోండి. కొత్త బట్ట బిరుసుగా నిలుస్తుంది. బాగా ఉతికిన పాత పలుచని బట్టే బొమ్మ ఒంటి మీద మడతలుగా వాలుతుంది. అంచు మడతలో సన్నని రాగి తీగ కుట్టేస్తే గాలికి ఎగిరినట్టు వంచుకోవచ్చు. పేదవారి బట్టలకు టీ నీళ్లలో రంగు పట్టించి, మోకాలి దగ్గర ఉప్పుకాగితంతో అరగదీసి, ఒక అతుకు వేయండి.

అయిదవ అడుగు: తిండి, పనిముట్లు

ఈ చిన్న వస్తువుల పనికి ఓపిక ఉన్నవారిని కుటుంబం నుంచి పిలవండి. పిల్లల వేళ్లు దీనికి బాగా పనికివస్తాయి. ఒక చేపల బుట్ట ఎలా చేయాలో చెబుతాను, మిగిలినవి అదే తీరు. ఈత ఆకు ఈనెలను నీళ్లలో నానబెట్టి, 5 సెం.మీ. వెడల్పు బుట్ట అల్లండి. మట్టితో 2 సెం.మీ. పొడవున్న చేపలను 15 దాకా చేసి, సూదితో మొప్ప గీత, పొలుసులు గుర్తించి, ఆరాక వెండి రంగు వేసి, వీపు మీద నీలి నలుపు పూయండి. వాటిని వరుసగా పేర్చకండి. ఒకదానిపై ఒకటి జారినట్టు పోసి, రెండు తోకలు బుట్ట అంచు దాటేలా ఉంచి, మొత్తం మీద వార్నిష్ పూస్తే ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు ఉంటాయి. అంచున ఒక పచ్చటి ఆకు పెడితే బుట్ట పూర్తయినట్టే.

రొట్టెలకు మైదాపిండి, ఉప్పు, నీళ్లు కలిపిన ముద్దను సన్నని మంట మీద ఎర్రగా కాల్చండి. పురుగు పట్టకుండా తప్పక వార్నిష్ వేయండి. జున్ను గడ్డలకు పాత కొవ్వొత్తి మైనం చక్కగా నప్పుతుంది.

ఆరవ అడుగు: ఎవరు ఎక్కడ నిలబడాలి

కొండ శిఖరం మీద, లేదా దానికి దగ్గరలో, గొర్రెల మధ్య నిద్రపోతున్న కుర్రవాడు బెనీనో ఉండాలి. ప్రెసేపె అంతా ఇతని కల అని, ఇతను మేల్కొంటే అంతా మాయమవుతుందని నేపుల్స్ వారి నమ్మకం. పిల్లలకు ఇతనిని చూపించి గట్టిగా మాట్లాడవద్దని చెబుతారు. శిఖరం నుంచి దారి కిందికి దిగే కొద్దీ కల లోపలికి వెళ్తున్నామన్న ఊహతో మిగతావారిని అమర్చండి.

ఎర్రబుగ్గల చిచ్చిబాకో సారా పీపాల బండి తోలుకుంటూ సత్రం వైపు వస్తాడు. చేతి గంపలో ఇనుప పనిముట్లు మోసే జిప్సీ స్త్రీ రాబోయే సిలువ మేకులను సూచిస్తుంది. జాలరి నీళ్ల దగ్గర కింద, వేటగాడు కొండ మీద ఉంటారు. అంగడివారిని 12 నెలలకు గుర్తుగా పెట్టే అలవాటు కూడా ఉంది. జనవరికి మాంసం కొట్టేవాడు, ఫిబ్రవరికి జున్ను అమ్మేవాడు, మార్చికి కోళ్లవాడు, ఏప్రిల్‌కు గుడ్లు అమ్మే స్త్రీ, మేకు చెర్రీపండ్ల బుట్టతో జంట, జూన్‌కు రొట్టెలవాడు, జూలైకి టమాటాలు, ఆగస్టుకు పుచ్చకాయలు, సెప్టెంబరుకు అత్తిపండ్లు లేదా విత్తనాలు చల్లేవాడు, అక్టోబరుకు ద్రాక్షసారా, నవంబరుకు వేయించిన చెస్ట్‌నట్ కాయలు, డిసెంబరుకు చేపలు. పన్నెండుగురినీ ఒకే ఏడాదిలో చేయాలనుకోవద్దు. ఏడాదికి ఇద్దరు ముగ్గురి చొప్పున పెంచుకుంటూ పోయిన ఇళ్ల ప్రెసేపెలే చూడముచ్చటగా ఉంటాయి.

ముగ్గురు రాజుల ఊరేగింపు దూర దేశాల సంపదను చూపిస్తుంది. ఒట్టొమాన్ రాయబారి 1741లో నేపుల్స్ దర్బారుకు వచ్చాడు. తలపాగాలు, వంకర కత్తులు, పొడవాటి అంగీలు, బాకాలు ఊదే వాద్యకారులతో సాగే ఈ ఊరేగింపు ఆ కాలపు నగరం తూర్పు దేశాలను ఎలా చూసిందో తెలుపుతుంది. జరీ మీద మీకున్న ఇష్టమంతా ఇక్కడే తీర్చుకోండి.

అమర్చేటప్పుడు ఒక జాగ్రత్త. అందరినీ బాలయేసు వైపు తిప్పకండి. ఆలయానికి దగ్గరగా ఉన్న ఏడెనిమిది మంది మాత్రమే అటు చూడాలి. కొంచెం దూరంలో ఉన్నవారిలో ఒకరిద్దరు తల తిప్పుతూ ఉండాలి. మిగిలిన ఊరు తన బేరాల్లో తాను మునిగి ఉండాలి. దేవదూతలను గాలం దారంతో ఆలయం పైన సుడి తిరుగుతున్నట్టు వేలాడదీయండి. ఒక్కో దేవదూతకు రెండు దారాలు, ఒకటి భుజాలకు, ఒకటి నడుముకు కడితే తిరిగిపోకుండా నిలుస్తారు.

ఏడవ అడుగు: వెలుగు

రంగులు మారే సీరియల్ బల్బులు ఈ పనికి పూర్తిగా విరుద్ధం. వెచ్చని పసుపు వెలుగునిచ్చే చిన్న ఎల్‌ఇడి దీపాలను మూడు చోట్ల దాచండి. సత్రం లోపల ఒకటి, పొయ్యి వెనక ఎర్రకాగితం చుట్టినది ఒకటి, ఆలయంలో తొట్టి వెనక కింది నుంచి పైకి పడేలా ఒకటి ఉండాలి. కొండ వెనక గోడకు ముదురు నీలి గుడ్డ కట్టి, దాని వెనక నుంచి మందమైన వెలుగు రానిస్తే వేకువ జామున ఉన్నట్టు అనిపిస్తుంది. తీగలన్నీ పీట అడుగున పోవాలి. నాచు, గడ్డి, థర్మకోల్ ఉన్నచోట వేడెక్కే బల్బులు గానీ, నిజమైన కొవ్వొత్తులు గానీ వాడరాదు.

పని క్యాలెండరు, పండుగ రోజులు, దాచడం

మట్టి తలలను ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేయడం మంచిది. వానకాలపు తేమలో మట్టి నెమ్మదిగా ఆరుతుంది, పగుళ్లు తక్కువ వస్తాయి. కొండ పని అక్టోబరులో, బట్టలు నవంబరులో పెట్టుకోండి. ఇటలీలో డిసెంబరు 8న, నిష్కళంక మాత పండుగ నాటికి ప్రెసేపె నిలబెట్టే అలవాటు ఉంది. అప్పటికి తొట్టి ఖాళీగానే ఉండాలి. డిసెంబరు 24 అర్ధరాత్రి ఇంట్లో అందరికంటే చిన్నవారి చేత బాలయేసును అందులో పెట్టించండి. ముగ్గురు రాజులు అప్పటికి ఇంకా కొండ మలుపు దగ్గరే ఉంటారు. రోజూ కొంచెం కొంచెం ముందుకు జరిపి, జనవరి 6న, వారి పండుగ రోజు, తొట్టి ముందు మోకరిల్లబెట్టాలి.

విప్పేటప్పుడు ముందు దేవదూతలను దించి దారాలను అట్టముక్కలకు చుట్టండి. ఒక్కో బొమ్మ తలకు మెత్తని పలుచని కాగితం చుట్టి, పట్టుబట్టల మధ్య ఎండిన వేపాకులు ఉంచి, ఒంటిని పాత ధోవతి గుడ్డలో చుట్టి, ఒకదానిపై ఒకటి బరువు పడకుండా అట్టపెట్టెలో పడుకోబెట్టండి. తిండి వస్తువులను ఎలుకలు చేరని డబ్బాలో వేయండి. పెట్టె మీద ఏ బొమ్మ ఎక్కడ నిలబడిందో చెప్పే ఛాయాచిత్రం ఒకటి అంటించండి. బెనీనోను అందరికంటే చివర శిఖరం నుంచి తీసి, అన్నింటికీ పైన ఉంచండి. వచ్చే డిసెంబరులో పెట్టె తెరవగానే మొదట చేతికి వచ్చేది, కొండ మీద మొదట పడుకోవలసినది అతనే.